గాలం కబుర్లు: నవంబరు చలిలో స్మాల్‌మౌత్ వేట

పోయిన నెల సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేపల గురించి రెండు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం చలి గురించే. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. అందులో పదమూడేళ్ళుగా, నవంబరు ఆఖర్లో ఒక రోజు, చేపల వేటకి తీసుకెళ్ళే గైడు పడవ ఎక్కుతున్నాను. నేను గైడుని కాను, డబ్బిచ్చి ఎక్కేవాణ్ణి. ఆ వైపు నుంచి తెలిసింది చెబుతాను.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నేనూ మా ఫ్రెండూ గైడుని మాట్లాడుకుందామనుకుంటున్నాం. ఆ చలికి చేపలు నిద్రపోతాయి, డబ్బు దండగ అని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. నిజమేనా?
*— ఒక పాఠకుడు, న్యూజెర్సీ*

నిద్రపోవు. బద్ధకిస్తాయి. నీళ్ళెంత చల్లగా ఉంటే చేప ఒళ్ళూ అంత చల్లగా ఉంటుంది. వేసవిలో ఎర వెనక పరుగు తీసే చేపకి, నీళ్ళు 42 డిగ్రీల ఫారన్‌హీట్‌కి (అంటే సుమారు ఐదున్నర సెల్సియస్; ఇక్కణ్ణుంచి డిగ్రీలన్నీ ఫారన్‌హీటే) దిగాక తిన్నది అరగడానికే చాలాసేపు పడుతుంది. ఆకలి తక్కువ, ఓపిక అంతకన్నా తక్కువ. తిండి ముక్కు ముందుకొస్తే నోరు తెరుస్తుంది, రెండడుగుల అవతల ఉంటే ఊరుకుంటుంది.

మరి ఎందుకు వెళ్ళడం అంటారా? సస్క్వెహానా హారిస్‌బర్గ్ దగ్గర మైలుకి దగ్గరగా వెడల్పుంటుంది కానీ లోతు లేదు. చాలాచోట్ల మోకాలి లోతు నీళ్ళు రాళ్ళ మీంచి పారుతుంటాయి. వేసవిలో చేపలు ఆ వెడల్పంతా చెదిరి ఉంటాయి. నీళ్ళు 50 కిందికి జారాక ప్రవాహంతో పోట్లాడే ఓపిక లేక, వాలు నెమ్మదించే లోతు మడుగుల్లోకి చేరి చలికాలమంతా అక్కడే గడుపుతాయి. అలాంటి మడుగులు కొన్నే. దొరికితే పెద్ద చేపలన్నీ ఒక్కచోట. దొరక్కపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళకి దణ్ణం పెట్టి రావడమే. గైడుకి మీరిచ్చే డబ్బు ముఖ్యంగా ఆ మడుగు చిరునామాకి.

ఇంకో పనికి కూడా. అది నాకు మొదటిసారే అర్థమైంది. రాక్‌విల్ వంతెన ఉంది కదా, 1902లో కట్టిన రాతి రైలు వంతెన, 48 కమానులు. అది కనిపించేంత దూరంలో లంగరు వేశాడు మా గైడు. నేను వేసవి అలవాటుకొద్దీ జిగ్‌ని (కొక్కేనికి సీసం తల ఉన్న ఎర) విసరడం, ఎగరేయడం, లాగడం, మళ్ళీ విసరడం. గంటన్నరలో నాకు పడినవి ఆకులు. ఆ కాలంలో నది నిండా రాలిన ఆకులే కొట్టుకొస్తుంటాయి, పదిసార్లు విసిరితే నాలుగుసార్లు కొక్కేనికి ఆకే. వెనక కూర్చున్న మా ఫ్రెండుకి అప్పటికే మూడు చేపలు. వాడేం చేస్తున్నాడా అని తిరిగి చూస్తే, ఒక చేతిలో రాడ్, ఇంకో చేతిలో కాఫీ.

గైడు వచ్చి నా రాడ్ మీద చెయ్యి వేసి, "ఏమీ చెయ్యకండి" అన్నాడు.

ఏమీ చెయ్యకుండా ఉండటానికా ఇంత డబ్బిచ్చాను అనిపించింది. కానీ ఆయన కట్టిన జిగ్ అందుకు తగ్గదే. ఔన్సులో ఎనిమిదో వంతు సీసం, దానికి చుట్టిన, మరబూ అనే నల్లటి మెత్తటి ఈకలు. మనం కదపకపోయినా మడుగులోని కొద్దిపాటి వాలుకే ఆ ఈకలు మెల్లగా విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి. చేపకి అది బతికున్న తిండి. మనం ఎగరేస్తే పారిపోయే తిండి. లైను కాస్త బిగువుగా పట్టుకుని, వాలు ఎటు తీసుకెళ్తే అటు పోనివ్వడమే పని.

చేప కొట్టడం కూడా వేసవిలోలా టక్కుమని ఉండదు. లైను చివర తడి ఆకు అతుక్కున్నట్టు చిన్న బరువు తెలుస్తుంది, అంతే. నాకూ అలాగే తెలిసింది. మళ్ళీ ఆకే అనుకుని విసుగ్గా రాడ్ ఎత్తాను. ఆకు తల విదిలించింది! పైకొచ్చాక చూస్తే పంతొమ్మిది అంగుళాలు. కంచు రంగు ఒళ్ళు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కన్ను. తడి చేత్తో పట్టుకుంటే ఐసుముక్కలా ఉంది, అయినా తోక కొట్టడంలో ఏ లోటూ లేదు. వదిలితే తొందరేమీ లేనట్టు నింపాదిగా కిందికి దిగిపోయింది.

కాబట్టి డబ్బు దండగ కాదు, సంఖ్య కోసం వెళ్ళకపోతే. జూలైలో నలభై చేపలు పట్టే రోజులుంటాయి. నవంబరులో నాకు ఎనిమిది పడితే మంచి రోజు. కానీ ఆ ఎనిమిదిలో ఏడాదంతా చూడని సైజువి రెండుంటాయి. ఇంకో సుఖం, తెల్లవారుజామున లేవక్కర్లేదు. మా గైడు పొద్దున పదింటికి రమ్మంటాడు. ఎండ రాళ్ళ మీద పడి నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కే మధ్యాహ్నమే అసలు సమయం.

రాడ్లు, ఎరలు అన్నీ గైడే ఇస్తానన్నాడు. మరి మేమేం తీసుకెళ్ళాలి?
*— ఒక పాఠకురాలు, వర్జీనియా*

బట్టలు. మామూలు చలి లెక్క వేసుకుని వెళ్ళకండి. ఈ నదిలో గైడ్లు ఎక్కువగా జెట్ మోటారు పడవలు వాడతారు, మామూలు ఫ్యాను అయితే రాళ్ళకి తగిలి విరుగుతుంది కాబట్టి. అవి జోరుగా పోతాయి. గాలి 30 డిగ్రీలున్న రోజు గంటకు 30 మైళ్ళ వేగంతో పోతే మొహానికి తగిలేది 15 డిగ్రీల చలి. మొదటిసారి నేను జీన్స్ వేసుకెళ్ళాను. తడిస్తే కాటన్ ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. లోపల ఉన్నిదో పాలిస్టర్‌దో, పైన గాలీ నీళ్ళూ చొరనిది వేసుకోండి. గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి, ఎందుకంటే మొదటి చేపకే ఒక జత తడుస్తుంది. బూట్లు కాస్త వదులుగా ఉండాలి. బిగుతు బూట్లో మూడు జతల సాక్సులు తొడిగితే రక్తం ఆడక కాళ్ళు ఇంకా ముందే చల్లబడతాయి.

రాడ్ రింగుల్లో మంచు కడుతుంది. దాన్ని గోటితో గీకకండి, రింగు లోపలి పింగాణీ పగిలితే లైను కోసుకుపోతుంది. రాడ్ చివర నీళ్ళలో ముంచితే చాలు. నది నీళ్ళు గాలికన్నా వెచ్చగానే ఉంటాయి కదా.

నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. 68 ఏళ్ళు, బీపీకి మాత్రలు వేసుకుంటారు. చిన్నప్పుడు కాలువలో గాలం వేసేవారట, ఎంతో సరదా పడుతున్నారు. తీసుకెళ్ళొచ్చా? ఆయనకీ లైసెన్స్ కావాలా?
*— మెకానిక్స్‌బర్గ్ నుంచి ఒక పాఠకుడు*

లైసెన్స్ కావాలి. పెన్సిల్వేనియాలో పదహారేళ్ళు నిండిన ఎవరైనా సరే తీసుకోవాలి. పెద్దవాళ్ళకి చవగ్గా ఇచ్చే సీనియర్ లైసెన్స్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకే, మీ నాన్నగారికి వర్తించదు. బయటివాళ్ళకి కొద్దిరోజుల టూరిస్ట్ లైసెన్స్ ఉంటుంది, అది తీసుకోండి. గైడు దగ్గరుంది కదా అంటే కుదరదు.

బీపీ సంగతి ముందు వాళ్ళ డాక్టరుని అడగండి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ఎవరూ పైకి చెప్పని ఇంకో ఇబ్బంది ఉంది. చలిలో ఒంటేలు ఎక్కువగా వస్తుంది, బీపీ మాత్రల్లో కొన్ని దాన్ని ఇంకా పెంచుతాయి, ఆ పడవలో బాత్రూమ్ ఉండదు. పెద్దాయన మొహమాటపడి బిగబట్టుకుని కూర్చుంటారు. రెండు గంటలకోసారి ఒడ్డుకి పట్టమని గైడుకి మీరే ముందుగా చెప్పండి. మా మామగారిని తీసుకెళ్ళినప్పుడు నేను చెప్పలేదు, ఆయన తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పూర్తి రోజు వద్దు, సగం రోజు చాలు. పడవలో గ్యాస్ హీటర్ ఉందా అని కూడా కనుక్కోండి.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఈ రాష్ట్రంలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా పదహారడుగుల లోపు పడవల్లో, ఎంత పొడవైనా సరే తెడ్లతో నడిపే కనూ, కయాక్‌లలో ఉన్నంతసేపూ అది వేసుకునే ఉండాలన్నది చట్టం. గైడ్ల జెట్ పడవలు చాలావరకు అంతకన్నా పొడుగ్గా ఉంటాయి కాబట్టి "తప్పనిసరి కాదు" అంటారు. నీళ్ళకి ఆ తేడా తెలియదు కదా. 40 డిగ్రీల నీళ్ళలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి తన చేతిలో ఉండదు, అప్రయత్నంగా గుక్క పడుతుంది. అది సర్దుకున్నాక చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు. అంటే చాలామంది పోయేది చలికి కాదు, ఆ మొదటి పది నిమిషాల్లో మునిగి. కోటు మీద పట్టే సైజు జాకెట్ ఉందో లేదో ముందురోజే కనుక్కోండి.

అన్నీ కుదిరితే తప్పకుండా తీసుకెళ్ళండి. డాఫిన్ దగ్గర నది మధ్యలో పాత వంతెన స్తంభం మీద చిన్న లిబర్టీ విగ్రహం ఒకటి నిలబెట్టి ఉంటుంది. చేప పడినా పడకపోయినా, న్యూయార్క్ దాకా వెళ్ళకుండానే మీ నాన్నగారు దాంతో ఫోటో దిగొచ్చు.

రెండు నెలల ముందు బుక్ చేసుకుంటే, ముందు రోజు రాత్రి గైడు ఫోన్ చేసి "నది పెరిగింది, రేపు వద్దు" అన్నాడు. మేమేమో లీవు పెట్టేశాం. ఇది న్యాయమా?
*— ఒక పాఠకుడు, మేరీల్యాండ్*

మీ కోపం నాకు తెలుసు. కానీ ఆ గైడుని వదులుకోకండి. ఎగువన వాన పడితే నీళ్ళు పెరిగి గోధుమరంగుకి తిరుగుతాయి, దుంగలు కొట్టుకొస్తాయి. చల్లటి బురదనీళ్ళలో చేపకి ఎర కనబడదు, వెతుక్కుంటూ రాదు. హారిస్‌బర్గ్ దగ్గర నీటిమట్టం, ప్రవాహం యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు పెడతారు. వారం ముందు నుంచి మీరూ చూస్తూ ఉంటే రాత్రి ఫోన్ వచ్చేసరికి ఆశ్చర్యం ఉండదు.

ఒక ఏడు మా గైడుకి ఖాళీ లేక ఇంకొకాయన్ని మాట్లాడుకున్నాను. పేరెందుకులెండి. నది పొంగి ఉంది, ఆయన "ఫరవాలేదు, రండి" అన్నాడు. ఆరు గంటలు, ఒక్క చేప లేదు, డబ్బు పూర్తిగా తీసుకున్నాడు. ఒక దుంగ పడవ పక్కనుంచి మూడడుగుల దూరంలో పోయింది. ఆ రోజు నుంచి బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. మీరు రద్దు చేస్తే అడ్వాన్సు ఇంకో తేదీకి మారుతుందా? రాష్ట్ర ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఇచ్చిన గైడు పర్మిట్ ఉందా? రెండోదానికి నసిగితే ఫోన్ పెట్టేయండి.

నదికన్నా ఎరీ సరస్సులో ఇంకా పెద్దవి పడతాయంటున్నారు. అక్కడికే వెళ్తే పోలా?
*— ఒక పాఠకుడు, ఒహాయో*

పెద్దవన్నది నిజమే. 1990లో గ్రేట్ లేక్స్‌లో కనబడ్డ రౌండ్ గోబీ అనే చిన్న చేప, ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్ళలో బయటి దేశం నుంచి వచ్చింది, అక్కడి స్మాల్‌మౌత్‌లకి అడుగున పరిచిన విందు అయ్యింది. కానీ నవంబరులో అవి లోతుకి దిగుతాయి. ముప్ఫై అడుగులు దాటిన లోతు నుంచి పైకి లాగితే చేప లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా కిందికి దిగలేక పక్కకి ఒరిగి తేలుతుంది. దానికి సూదితో గాలి తీసే పని నేర్చినవాళ్ళే చెయ్యాలి. ఎంత లోతులో పట్టిస్తారో గైడుని ముందే అడగండి. ఆ సరస్సు మీద నవంబరు గాలులు కూడా చిన్నవి కావు, మూడు తేదీలు అనుకుంటే ఒకటి దక్కుతుంది. నేను రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి అలలకి కడుపులో తిప్పి పడవ అంచుకి వేళ్ళాడుతూనే సరిపోయింది. నాకు నదే నయం.

అంత డబ్బు పోసి, అంత చలిలో పట్టి, వదిలేస్తారా అని మా అత్తగారు నవ్వుతున్నారు. ఇంటికి తెచ్చుకోకూడదా?
*— ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా*

హారిస్‌బర్గ్ చుట్టుపక్కల సస్క్వెహానాలో స్మాల్‌మౌత్‌ని పట్టిన వెంటనే వదిలేయాలన్నది రూలు. 2005లో ఈ నదిలో పిల్ల చేపలు జబ్బుచేసి పెద్ద ఎత్తున చచ్చిపోయాయి, ఆ దెబ్బ చాలా ఏళ్ళు తగిలింది. పైగా ఇది నెమ్మదిగా ఎదిగే చేప, ఇరవై అంగుళాలు రావడానికి పదేళ్ళ దాకా పట్టొచ్చు. వేరే చోట ఉంచుకోనిస్తారు, సైజూ సంఖ్యా ఆ ఏటి రూల్స్ పుస్తకంలో చూసుకోండి. అక్కడైనా, ఈ రాష్ట్రంలో గాలానికి పడ్డ చేప వారానికి ఒక పూట, అరపౌండు మించి తినొద్దన్నది ఆరోగ్య సలహా.

మీ అత్తగారికి పులుసే కావాలంటే తిరుగు దారిలో చేపల కొట్టు దగ్గర కారు ఆపండి. నేను చేసేది అదే. మా ఆవిడ మొదటి రెండేళ్ళూ నమ్మింది. మూడో ఏడు కవరు మీద బిల్లు అంటుకుపోయి ఉంది.