కాలనీ కళాబృందానికి జీవీఎంసీ సాయం: గ్రాంటు కంటే ముందు చోటు అడగండి

పెందుర్తి వైపు మీ కాలనీ పిల్లలకి జానపద కళలు నేర్పించాలనుకుంటున్నామని, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) నుంచి గ్రాంటు ఏమైనా వస్తుందా అని అడిగారు. గాజువాక దగ్గర మేమో తప్పెటగుళ్ల బృందం నడుపుతున్నాం కాబట్టి నాకు అనుభవంలోకి వచ్చింది చెప్తాను. గ్రాంటు మాట తర్వాత చూద్దాం. ముందు చోటు అడగండి.

తప్పెటగుళ్లు చూసే ఉంటారు. రేకు తప్పెట గుండెలకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో పదిహేను ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ ఆడతారు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. మేడ మీద కుదిరే పని కాదు. అపార్టుమెంటు సెల్లారులో ఆ మోత ఎవరూ ఒప్పుకోరు. మేం మొదట మాట్లాడుకున్న ఓ ప్రైవేటు హాలువాళ్లు పెళ్లి బుకింగ్ వచ్చినప్పుడల్లా సాధన ఆపించేసేవారు. మా గురువుగారు పెద్దాయన, శ్రీకాకుళం జిల్లా నుంచి బస్సులో వచ్చేవారు. అంత దూరం వచ్చి తాళం వేసిన గేటు చూసి వెనక్కెళ్లిన రోజులున్నాయి. వరసగా రెండు వారాలు సాధన లేకపోతే పిల్లలు అడుగు మర్చిపోతారు, మూడో వారానికి ట్యూషన్‌లో చేరిపోతారు. చాలా బృందాలు ఇలాగే చెదిరిపోవడం చూశాను. అందుకే చెప్తున్నా, ఒకసారి వచ్చే డబ్బుకన్నా వారానికి రెండు సాయంత్రాలు ఖాయంగా దొరికే చోటు ఎంతో విలువైనది. కార్పొరేషన్ తేలిగ్గా ఇవ్వగలిగిందీ అదే. కట్టి ఉన్న సామాజిక భవనాలు, పార్కులు దాని చేతిలో ఉన్నాయి.

దరఖాస్తు మొదటి పేరాలోనే రాజ్యాంగం మాట రాయండి. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకి అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. అందులో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. దీనివల్ల మీకు హాలు ఇచ్చి తీరాలని కాదు గానీ, "కళలు మా పని కాదు" అని ఎవరైనా అంటే చూపించడానికి పనికొస్తుంది.

కాగితం ముందు వార్డు సచివాలయంలో ఇవ్వండి. ఒక ప్రతి జోనల్ కమిషనర్‌కి, ఒకటి యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగానికి పంపండి. పాలకవర్గం ఉన్న కాలమైతే కార్పొరేటర్‌గారి సిఫారసు లేఖ జతచేయండి, ప్రత్యేకాధికారి పాలనలో ఉంటే నేరుగా కమిషనర్ పేరున రాయండి. రశీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ఆ రశీదుతో వెళ్లండి.

"కళలకి ప్రోత్సాహం కావాలి" అని రాస్తే ఫైలు అక్కడే ఉండిపోతుంది. ఏ భవనం, ఏ రోజులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది పిల్లలు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఊడ్చేది ఎవరు, కరెంటు బిల్లులో మీ వాటా ఎంత, ఇవన్నీ రాయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదని నిబంధన ఉంది కదా, మీరు ఎనిమిదికే ముగిస్తామని రాసివ్వండి. మాకు అనుమతి రావడానికి ఈ వివరాలే పనికొచ్చాయని నా నమ్మకం. ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ పని ముందే చేసుకుంటే దరఖాస్తు సంఘం పేరు మీద వెళ్తుంది.

సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్ ఎరీనా ఉన్నాయి కదా అంటారు. అవి వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) చేతిలోవి, జీవీఎంసీని అడిగి లాభం లేదు. పైగా అవి ప్రదర్శన రోజుకి తగిన హాళ్లు, వారం వారం సాధనకి అద్దె భరించలేం. పిల్లలు నలుగురి ముందు ఆడటం అలవాటు చేసుకోవడానికి, ఉదయం వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డుకి మించింది లేదు. పోలీసులకి ముందుగా చెప్పి వెళ్లండి.

ఇక డబ్బు. కార్పొరేషన్ నుంచి జానపద కళాకారులకి డబ్బు అందే దారి ఎక్కువగా ప్రచారమే. నగరాల పరిశుభ్రతకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ లాంటి వాటికి కళాజాతాలు పెడతారు. పిలిస్తే వెళ్లండి, తప్పులేదు. కానీ ఒక్కొక్కరికి పారితోషికం ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, గురువుగారిది వేరుగా రాయించండి. శాలువా కప్పి పంపేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆయన జీవితమంతా పెట్టి నేర్చుకున్న విద్య అది. చెత్త బుట్టల పాటలు నెలకొకసారి పాడినా ఫర్వాలేదు, సాధనలో మాత్రం గంగమ్మ పాటలూ కథలూ పక్కకి పోనివ్వకండి. పిల్లలకి ముందు అవి రావాలి.

ఈ వారమే మీ వార్డు సామాజిక భవనం దగ్గరికి వెళ్లి, ఏయే సాయంత్రాలు ఖాళీగా ఉంటుందో వాచ్‌మన్‌ని అడగండి. ఆ రోజులే దరఖాస్తులో రాయండి.