చనిపోయిన మనిషితో పోటీ మానుకున్న కుర్రాడు

ప్రేమ కామిక్స్‌లో పాత్రలు నిజంగా ఎదిగాయని ఏ సీరీస్ చదివినప్పుడు అనిపించింది, అందులోని ప్రేమ మిమ్మల్ని ఎందుకు కదిలించింది అన్నది ప్రశ్న. నా జవాబు ‘మెజోన్ ఇక్కొకు’. రుమికో తకహాషి జపాన్‌లో 1980 నుంచి 1987 దాకా ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ పత్రికకు గీసిన కథ ఇది. పుస్తకాలుగా 15 సంపుటాలు. ఇంతకంటే గొప్ప ప్రేమకథలు ఉంటే ఉండవచ్చు. నాకు మాత్రం ఇది మా మేనత్త జీవితంతో కలిసిపోయింది కాబట్టి తూకం వేసి చెప్పడం నా వల్ల కాదు. ముగింపు కూడా చెప్పేయబోతున్నాను, చదవాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

2013లో ఇంటర్ అయింది, ఎంసెట్‌లో మెడిసిన్ సీటుకు తగిన ర్యాంకు రాలేదు. భీమవరంలో లాంగ్ టర్మ్ కోచింగ్‌కు చేరి, ముగ్గురు కుర్రాళ్లతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. వాళ్లలో ఒకడి ల్యాప్‌టాప్‌లో ఈ కామిక్ ఇంగ్లీషు అనువాదం ఉండేది. మొదటి పేజీల్లోనే నాకు నా ముఖం కనిపించింది. కథానాయకుడు గొదాయ్ ప్రవేశపరీక్ష తప్పి, ఒక పాత చెక్క మేడలో అద్దెకుంటూ మళ్లీ చదువుతుంటాడు. పక్క గదులవాళ్లు అర్ధరాత్రి అతని గదిలోనే చేరి తాగి గోల చేస్తారు. మా గదిలో పేకాట, అతని గదిలో మందు, అంతే తేడా. పరీక్ష తప్పి మళ్లీ చదివేవారిని జపాన్‌లో ‘రోనిన్’ అంటారట, అంటే యజమాని లేని సమురాయ్. మన ‘లాంగ్ టర్మ్’ కంటే ఆ మాటలో కాస్త మర్యాద ఉంది.

ఆ గోల భరించలేక గొదాయ్ ఖాళీ చేసి వెళ్లిపోబోతున్న రోజునే ఆ మేడ చూసుకోవడానికి క్యోకో వస్తుంది. చూసీ చూడగానే మనవాడి ప్రయాణం రద్దు. ఆమెకు అతని కంటే రెండేళ్లు ఎక్కువ ఉంటాయేమో. పెళ్లయి ఏడాది తిరక్కుండానే భర్త సోయిచిరో పోయాడు. మేడ మామగారిది. ఆమె పెంచుకునే తెల్ల కుక్క పేరు కూడా సోయిచిరోయే. ప్రతి ఉదయం వాకిట్లో నిలబడి ఆమె ఆ పేరు పెట్టి ప్రేమగా పిలుస్తుంటే మేడ మీద గదిలో గొదాయ్‌కు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది చదివి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ కుక్కే కథకు ప్రాణమని తెలియడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది.

ఈ కథలో కాలం ఆగదు. పత్రికలో ఏళ్లు గడిచినట్టే పాత్రలకూ గడుస్తాయి. గొదాయ్ కాలేజీలో చేరతాడు, డిగ్రీ తీసుకుంటాడు, ఉద్యోగం దొరక్క చెప్పులరగదీస్తాడు. పసిపిల్లల బడిలో పనికి కుదిరితే అదీ పోతుంది. క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లలను చూసుకునే పని చేస్తూ, రాత్రుళ్లు చదివి, చివరికి పిల్లల బడిలో పంతులు అవుతాడు. క్యోకో కోసం అతను చేసే వీరోచిత కార్యాలన్నీ నవ్వులపాలవుతాయి. పిల్లల ముక్కులు తుడుస్తున్నప్పుడు మాత్రం, ఎవరూ చూడని చోట, మనిషి నిలబడతాడు. నేనూ డాక్టరును కాలేదు లెండి. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను.

లోపాలు లేవని అనను. ఒకరి మాట ఒకరు తప్పుగా అర్థం చేసుకోవడం మీదే అధ్యాయాలకు అధ్యాయాలు నడుస్తాయి, నడి సంపుటాల్లో విసుగు పుడుతుంది. కొజుయే అనే అమ్మాయికి గొదాయ్ చేసింది నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆమె అతన్ని తన మనిషనుకుని ఏళ్ల తరబడి తిరుగుతుంటే నిజం చెప్పే ధైర్యం అతనికి ఉండదు. మెతకదనాన్ని మంచితనంగా చెలామణి చేసుకునే మగవాళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం కాదు. క్యోకో కూడా దేవత కాదు. నీ మీద నాకే ఆశా లేదంటుంది, అతను ఇంకో అమ్మాయితో కనిపిస్తే రుసరుసలాడుతుంది. క్యోకోను పెళ్లాడాలనుకునే రెండోవాడు మితాకా, టెన్నిస్ నేర్పే సంపన్నుడు, కుక్కను చూస్తే బిగుసుకుపోతాడు. ఆ భయం పోగొట్టుకోవడానికి తనే ఒక కుక్కను పెంచుతాడు. చివరికి వేరే అమ్మాయి ఇంటి కుక్క కడుపుతో ఉందన్న కబురును ఆ అమ్మాయికే అన్వయించుకుని, పెళ్లికి మాటిచ్చి ఇరుక్కుంటాడు.

ఇక మా అత్త సంగతి. పాలకొల్లు దగ్గర పల్లె మాది. 2004లో లారీ ప్రమాదంలో మామయ్య పోయాక అత్త పుట్టింటికి వచ్చేసింది. ముప్పై దాటలేదు. కుట్టు మిషను పెట్టుకుని ఎనిమిదేళ్లు తల వంచుకుని జాకెట్లు కుట్టింది. మా వీధి చివర ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు అద్దెకుండేవారు. ఆయన చొక్కాల గుండీలు అంత తరచుగా ఎందుకు ఊడిపోతున్నాయో ఊరందరికంటే ముందు మా నానమ్మకు తెలిసింది. 2012లో చిన్నతిరుపతిలో పదిమంది సమక్షంలో పెళ్లి జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మా కాలువలకు ఎప్పుడో వచ్చాయి గాని, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు చేయించిన మొదటి వితంతు వివాహం కబురు మా వీధికి ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు. అరుగుల మీద చాలా మాటలు పడ్డాయి. సిగ్గుపడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయనను మామయ్యా అని పిలవలేదు, మాస్టారూ అన్నాను.

పెళ్లికి ముందు మొదటి మామయ్య ఫొటో గోడ మీంచి తీసేయమని నానమ్మ పట్టుబట్టింది. అత్త తీసి బీరువాలో పెట్టింది. పెళ్లయిన వారానికి అది మళ్లీ గోడెక్కింది. మేకు కొట్టింది మాస్టారే. ఆయనకు పౌరుషం తక్కువేమోనని నేను లోలోపల అనుకున్నాను.

2015 జులైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. నర్సాపురం వలంధర రేవుకు అందరం వెళ్లాం. పుష్కరాల్లో సొంత పితరులకే కాక బంధువులకు, స్నేహితులకు, గురువులకు కూడా పిండం పెట్టవచ్చు. మాస్టారు తన తండ్రికి పెట్టడం పూర్తి చేసి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. మొదటి మామయ్య గోత్రం, పేరు, ఆయన తండ్రి తాతల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. ఎప్పుడు, ఎవరిని అడిగి రాసుకున్నారో అత్తకు కూడా తెలియదు. పురోహితుడు తలెత్తకుండానే, “ఈయన తమకేమవుతారు?” అన్నాడు. మాస్టారు ఒక్క క్షణం ఆగారు. “మా ఇంట్లో మనిషేనండి” అన్నారు. వెనక జనం తోసుకొస్తున్నారు, పురోహితుడు ఇంకేం అడగకుండా మంత్రం ఎత్తుకున్నాడు. అత్త మెట్ల మీద అటు తిరిగి నిలబడి ఉంది. విన్నదో లేదో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి చివరి సంపుటం మళ్లీ తీశాను. పెళ్లికి ముందు గొదాయ్ సోయిచిరో సమాధి దగ్గరకు వెళ్తాడు. మీరు ఆమె మనసులో ఉండగానే నేను ఆమెను కలిశాను, కాబట్టి మీతో కలిపే ఆమెను నా ఇంటికి తీసుకెళ్తాను అని ఆ రాతికి చెప్పుకుంటాడు. క్యోకో వెనక నిలబడి వింటుంది. మొదటిసారి చదివినప్పుడు రచయిత్రి మంచి డైలాగు రాసిందనుకుని పేజీ తిప్పేశాను. అన్ని సంపుటాలూ ఆ చచ్చిపోయినవాడి కంటే తను ఎందులో తక్కువా అని కుమిలినవాడు, ఒక్క మాటతో ఆ పోటీలోంచి తప్పుకున్నాడని, అలా తప్పుకోవడానికే అతనికి అన్నేళ్లు పట్టిందని ఈసారి అర్థమైంది. కుక్క పేరు విని నవ్వినందుకు సిగ్గేసింది కూడా.

మాస్టారును ఇప్పటికీ మాస్టారూ అనే పిలుస్తాను. అలవాటైపోయింది, ఆయనా పట్టించుకోరు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, అరిసెలకు అత్త పిండి జల్లిస్తుంటే పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాను. సమాధి ఘట్టం చెబుతున్నప్పుడు జల్లెడ ఆగింది, మళ్లీ కదిలింది. పెళ్లికి ఒప్పుకునేటప్పుడు క్యోకో ఒక్కటే కోరుతుంది, నాకంటే ఒక్క రోజైనా ఎక్కువ బతకండి, ఇంకోసారి ఒంటరిగా మిగలడం నా వల్ల కాదు అని. అది కూడా చెప్పాను.

“ఆ అబ్బాయి ఏమన్నాడు?” అని అడిగింది.

“నిన్ను ఒంటరిగా వదలనన్నాడు.”

“అలాగే అంటారు అందరూ” అని, చేతుల పిండి దులుపుకుంటూ వీధి గదివైపు తిరిగి, “ఏమండీ, బీపీ మాత్ర వేసుకున్నారా?” అని కేకేసింది.