కాలు నొక్కితే నవ్వడం ఇక చాలు

బాబూ, పెళ్లిచూపుల్లో కళ్లలోకి చూసి మాట్లాడటం ఎలా నేర్చుకోవాలని అడిగావు. దాని సంగతి వదిలెయ్. కళ్లలోకి చూస్తే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదని నువ్వే రాశావు, ఆటిజం ఉన్న చాలామందికి అంతే, కాబట్టి టీపాయ్ వైపు చూస్తూ విను.

నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న ముక్క వేరే ఉంది. మాదాపూర్‌లో ఉద్యోగం, 28 ఏళ్లు, నిరుడు ఆటిజం అని తేలితే ఆ రిపోర్టుని మీ అమ్మగారు బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశారు. ఇప్పటికి మూడు సంబంధాలు చూశారు. ప్రతిచోటా ఆవిడ సోఫాలో నీ పక్కనే కూర్చుని, నవ్వాల్సినప్పుడు ఒకసారి, మాట ఆపాల్సినప్పుడు రెండుసార్లు నీ కాలు నొక్కుతారు. ఇంటికొచ్చాక లైటు తీసేసి రెండు గంటలు పడుకుంటావు. ఎంత అలసిపోతే అలా పడుకుంటావు నాయనా!

అమ్మ మీద నాకు కోపం లేదు. చిన్నప్పుడు ఫంక్షన్లలో మైకు మోతకి నువ్వు చెవులు మూసుకుని ఏడిస్తే చుట్టాల చేత మాటలు పడింది ఆవిడే. బయటికి తెలిస్తే చెల్లి పెళ్లి ఆగిపోతుందన్న టెన్షనూ ఉంటుంది. అయినా దాచి చేసే పెళ్లికి నేను ఒప్పుకోను, ఎవరడిగినా ఇదే చెబుతాను. రేపు ఆఫీసు నుంచి వచ్చి నువ్వు ఇలాగే లైటు తీసేసి పడుకుంటే, తనంటే ఇష్టం లేదనుకుని ఆ పిల్ల వంటింట్లో ఏడుస్తుంది. ఏం పాపం చేసిందని?

ఆటిజం పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదని అమ్మకి ఎవరైనా చెప్పారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి, దాచుకోవాల్సినంత తప్పేమీ ఇందులో లేదు. నీకు పరీక్ష చేసిన సైకాలజిస్టు దగ్గరికి ఒకసారి ఆవిణ్ణి తీసుకెళ్లు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎన్ఐఈపీఐడీ అనే సంస్థలో కూడా తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇస్తారు.

అమ్మ ఎదుట నోరు పెగలదంటావా, రాసివ్వు. నాకు రెండు పేజీలు ఎంత వివరంగా రాశావో చూసుకో. "నా పక్కన కూర్చోవద్దమ్మా, అమ్మాయితో పదిహేను నిమిషాలు విడిగా మాట్లాడతాను, ముందు ఈ సంగతే చెబుతాను" అని రాయి. నాలుగో సంబంధానికి వచ్చే నెల వరంగల్ వెళ్తున్నామన్నావుగా, ఈ ఆదివారమే, నాన్నగారు కూడా ఇంట్లో ఉండగా ఆ కాగితం అమ్మ చేతికివ్వు.