‘అనె’ చాలదా?

ఎర్రముక్కపల్లి, కడప

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివినా. కొళాయి కాడ బిందెల వరస, ఎవరి బిందె ముందనే తగువు బాగా పట్టినావు. అయితే నీళ్ళు నిలిచిపోయినాయని తోటికోడలు ‘వెల్లడించింది’. అత్త ‘పేర్కొంది’. పిల్లోడు ‘స్పష్టం చేశాడు’. బిందె చంకనేసుకున్న మనిషి వెల్లడించేదానికి ఆమేమన్నా మినిస్టరా?

ఇంగ్లీషు ‘సే’కు పర్యాయపదాలు ఫోన్లో వెతికి, ఒక్కోదానికి తెలుగు పెట్టుకున్నానని నువ్వే రాసినావు. నీ వయసులో నేనూ ఆ పని చేసినోణ్ణే. నా కథలో ఒక పెద్దరైతు ‘సెలవిచ్చినాడు’. మా అమ్మ శెనక్కాయలు వలుస్తా వింటాండి, అక్కడ చెయ్యి ఆపి, “ఎవురికిచ్చినాడ్రా సెలవు, బడికా?” అనె. ఆ మాట మళ్ళీ నేను రాయలేదు.

‘సే’ వెంట మనిషిని నేరుగా పెట్టకూడదు. ‘సెడ్ మీ’ అని రాసి బళ్ళో దెబ్బలు తిన్నోళ్ళం. మన ‘అను’కు ఆ అడ్డం లేదు గానీ, మనిషిని పెడితే అర్థమే మారిపోతుంది. ‘నాతో అన్నాడు’ అంటే ఏదో మాట చెప్పినాడు. ‘నన్ను అన్నాడు’ అంటే తిట్టినాడు. “నన్నంటే పడతా, మా అమ్మనంటే ఊరుకోను” అంటారు చూడు, అందులో తిట్టన్న మాటే లేదు, అయినా అందరికీ తెలుస్తుంది.

ఇంకోటి. ‘రేపొస్తానన్నాడు’. కొటేషన్లు లేకపోయినా ‘వస్తాను’ అని వాడు నోటితో అన్నది అట్లే లోపలుంది. ఇంగ్లీషులో కొటేషన్లు తీసేస్తే ‘నేను’ పోయి ‘అతను’ వచ్చి కూర్చుంటాడు. నువ్వేమో ‘ఆమె చెప్పింది, “నేను రాను”’ అని మూడు చోట్ల వరస తిప్పినావు. గీత గీసినా, చూసుకో. ‘రానంది’, అంతే.

గొణగడం, సణగడం, నసగడం, కసరడం, దెప్పడం మనకు లేక కాదు. కానీ ఇవి ‘అను’కు మారుపేర్లు కావు, దేని పని దానిది. గొణిగేది ఎదుటోళ్ళకు సరిగా వినపడకూడదని. సణిగేది వినపడాలనే. దెప్పాలంటే ఎప్పటిదో పాత బాకీ ఒకటుండాల. నీ కథలో అత్త, “మీ పుట్టింట్లో కొళాయి ఉండిందా ఏమన్నా?” అంటుంది. అక్కడ ‘పేర్కొంది’ కొట్టెయ్. ‘దెప్పింది’ అని కూడా పెట్టొద్దు, దెప్పేదంతా ఆ మాటలోనే అయిపోయింది. ‘అనె’ చాలు.

బ్రౌన్ దొర 1820లో కడపకొచ్చినాడు. ఆయన బంగళా ఉండిన చోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది, మా ఇంటికి దగ్గరే. ఈసారి వచ్చినప్పుడు పోదాం. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తీసి ‘అను’ కాడ మొదలుపెట్టు, ‘సే’ కాడ కాదు.

కథ చివర ఆ ఇద్దరు తోటికోడళ్ళకూ ‘మాటల్లేవు’ అని రాసినావు చూడు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
మీ మామ