నీటి చక్రం పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా వదిలేయండి

నాలుగో తరగతి చదివే మీ పాపకు నీటి చక్రం బొమ్మల పుస్తకంతో నేర్పొచ్చా, నేర్పితే ఎలాంటి పుస్తకం కొనాలి అని అడిగారు. తప్పకుండా నేర్పొచ్చండి. నేను అనంతపురం జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. నాలుగు, ఐదు తరగతులకు ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్నాను. పుస్తకం ఏదైనా ఫరవాలేదు, దాన్ని ఏ పేజీ దగ్గర మూసి పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలో తెలిస్తే చాలు.

మొదట్లో నేను చేసిన పొరపాటు చెబుతాను. నాకొక చక్కటి బొమ్మల పుస్తకం దొరికింది. కళ్లూ కాళ్లూ ఉన్న ఒక నీటి బొట్టు సముద్రంలోంచి నవ్వుతూ పైకి ఎగురుతుంది, మబ్బు మీద కూర్చుంటుంది, కొండ మీదికి దూకుతుంది, ఏట్లో జారుకుంటూ మళ్లీ సముద్రంలో కలుస్తుంది. ఎక్కడా ఆపకుండా చివరిదాకా చదివాను. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. మర్నాడు పొద్దున బొమ్మ గీయమంటే బాణం గుర్తులతో సహా అందరూ గీశారు. పాఠం వచ్చేసిందని సంతోషపడ్డాను.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక, కడిగి ఎండలో పెట్టిన పళ్లేలు చూపించి "వీటి మీద తడి ఏమైంది?" అని అడిగాను. "ఎండిపోయింది మేడం" అన్నారు. ఎండిపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోయినట్టు? "పళ్లెంలోకి ఇంకిపోయాయి" అన్నాడు ఒకడు. "సూర్యుడు తాగేశాడు" అంది ఇంకో అమ్మాయి. పొద్దున బాణం వేసి, దాని పక్కన 'బాష్పీభవనం' (అంటే నీరు ఆవిరవడం) అని తప్పు లేకుండా రాసిన పిల్లలే వీళ్లు.

ఇంటికెళ్లి పుస్తకం మళ్లీ తిరగేస్తే సంగతి అర్థమైంది. అందులో బొట్టు బొట్టుగానే పైకి వెళ్తోంది. నీరు ఆవిరైతే బొట్టు అనేదే మిగలదు కదా. విడివిడి అణువులైపోయి గాలిలో కలిసిపోతుంది. నీటి ఆవిరికి రంగు లేదు, కంటికి కనబడదు. కనబడనిదాన్ని బొమ్మలేసేవాళ్లు మాత్రం ఎలా గీస్తారు? అందుకే బొట్టుకే కళ్లు పెట్టి ఎగరేస్తారు. కథకు అది బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ నీటి చక్రంలో పిల్లలకు అన్నిటికంటే కష్టమైన చోటు అదే, బొమ్మ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు నేను సముద్రం మీద ఎండ కాసే పేజీ దాకా చదివి పుస్తకం మూసేస్తాను. పిల్లలందరం వరండాలోకి వెళ్తాం. మా బడి వరండాలో తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. ఎండ పడే బండ మీద చెంబెడు నీళ్లు పోసి, తడి అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీస్తాం. పావుగంటకోసారి మళ్లీ గీత. మూడు నాలుగు గీతలయ్యేసరికి చెట్టు మొద్దు కోస్తే కనబడే వలయాల్లాగా ఒకదానిలో ఒకటి గుండ్రాలు వస్తాయి, నడిమధ్యన అరచేతి మేర తడి మిగులుతుంది. ఆ గీతల మధ్య ఉన్న నీళ్లు ఏమయ్యాయన్నదే ప్రశ్న. ఒక పాప "బండ తాగేసింది" అంది. మంచి మాటే, పరీక్షించాల్సిన మాట. స్టీలు పళ్లెంలో గరిటెడు నీళ్లు పోసి అదే ఎండలో పెట్టాం. సాయంత్రం బడి వదిలేలోపు పళ్లెం పొడిగా ఉంది. స్టీలు నీళ్లు తాగదని వాళ్లకు తెలుసు. ఇంకడం వేరు, ఆవిరవడం వేరు అని నేను నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంకో పళ్లెంలో ఉప్పు నీళ్లు పెట్టండి. "సముద్రం ఉప్పగా ఉంటే వాన ఎందుకు ఉప్పగా ఉండదు?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లు పోయాక పళ్లెంలో తెల్లగా అంటుకుని మిగిలిన ఉప్పు వేలితో తాకి నాలుక మీద పెట్టుకుంటే జవాబు దొరుకుతుంది. భూమ్మీది నీళ్లలో సుమారు 97 శాతం సముద్రాల్లోనే ఉన్నాయన్న మాట ఆ తర్వాత చెబితే బుర్రకెక్కుతుంది.

మన భాషలో ఒక చిక్కుంది, జాగ్రత్త. ఆవిరి అనగానే ఇడ్లీ పాత్ర మూత తీస్తే లేచే తెల్లటి పొగ గుర్తొస్తుంది. ఆ తెల్లగా కనబడేది అప్పటికే చల్లబడి మళ్లీ నీళ్లుగా మారిన సన్నటి తుంపర. పొడుగు మూతి ఉన్న కెటిల్లో నీళ్లు బాగా మరుగుతున్నప్పుడు చూడండి. మూతికీ తెల్లటి పొగకూ మధ్య కాస్త జాగాలో ఏమీ కనబడదు. అసలు ఆవిరి ఉన్నది ఆ జాగాలోనే. పాపను దూరంగా నిలబెట్టి చూపించండి, చెయ్యి దగ్గరికి పోనివ్వకండి, బాగా కాలుతుంది. ఇది చూశాక మబ్బంటే ఏమిటో చెప్పడం సులువు. అది కూడా ఆ తెల్లటి తుంపర లాంటిదే. మబ్బులోని నీటి బిందువు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అలాంటివి పది లక్షల దాకా కలిస్తే ఒక వాన చినుకు. మబ్బులు గుద్దుకుంటే వాన పడుతుందని మా పిల్లలు గట్టిగా నమ్మేవారు, ఈ లెక్క చెప్పాక ఆ మాట తగ్గింది.

చల్లటి గ్లాసు బయట పట్టే చెమట కూడా చూపించండి. గ్లాసులోని నీళ్లే బయటికి కారాయంటారు పిల్లలు. ఐసు నీళ్లలో కాస్త రస్నా కలపండి. బయట పట్టిన తడిని తెల్లటి గుడ్డతో తుడిస్తే రంగు అంటదు. మా వైపు గాలి పొడిగా ఉండే మార్చిలో ఇది సరిగా కుదరలేదు, జులైలో గ్లాసు నిండా బొట్లు పట్టాయి. అలా ఎందుకైందన్నది మా పిల్లలే చెప్పారు.

ఇవన్నీ అయ్యాక పుస్తకం మళ్లీ తెరుస్తాం. ఆ నవ్వే బొట్టు పేజీ దగ్గర "ఇక్కడ ఏం తప్పుంది?" అని అడుగుతాను. తర్వాత ఎవరి పుస్తకం వాళ్లు చేసుకుంటారు. రెండు తెల్ల కాగితాలు మడిచి కుడితే ఎనిమిది పేజీలు. ఒక పేజీలో చెరువు, తర్వాతి పేజీ ఖాళీ, ఆ తర్వాత మబ్బు. ఖాళీ పేజీ నా నియమం, అక్కడ ఏమీ గీయకూడదు. రెండేళ్ల కింద ఒక పాప ఆ పేజీ అడుగున చిన్న అక్షరాలతో "ఇక్కడ నీళ్లున్నాయి, కనబడవు" అని రాసింది. ఆ పుస్తకాన్ని అడిగి తీసుకుని దాచుకున్నాను. ఇప్పుడు ప్రతి తరగతికీ అదే చూపిస్తాను.

పుస్తకం ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. బయటి దేశాల నుంచి అనువాదమైన వాటిలో నది ఎప్పుడూ మంచు కొండ మీంచే దిగుతుంది. మా పిల్లలు "మన తుంగభద్రకూ మంచు కరిగే నీళ్లొస్తాయా మేడం?" అని అడిగారు. గంగకైతే హిమాలయాల మంచు నీళ్లు కొంత వస్తాయి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, కృష్ణ మహాబలేశ్వరంలో, తుంగ, భద్ర కర్ణాటకలోని పడమటి కనుమల్లో పుడతాయి. వీటికి వానే ఆధారం. అలాంటి పుస్తకమే మీ దగ్గరుంటే పారేయక్కర్లేదు, మంచు కొండ దగ్గర ఆగి ఈ తేడా చెప్పండి.

రెండోది, నేల కింద ఏముందో ఆ బొమ్మ చూపిస్తోందా? చాలా పుస్తకాల్లో నీళ్లు నేల మీదే పారి సముద్రంలోకి పోతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా జిల్లాలో బోర్లు వందల అడుగులు వేస్తారు. "మా బోరు నీళ్లు ఈ బొమ్మలో ఎక్కడ?" అని ఒక పిల్లవాడు అడిగితే నిజంగా ఎక్కడా లేవు. అందుకే మేం చేసుకునే పుస్తకంలో చెరువు కింద మట్టి, మట్టి కింద రాయి, రాతి పగుళ్లలో నీళ్లు, వాటిలోకి దిగిన బోరు గొట్టం తప్పకుండా గీయిస్తాను. చెరువు నిండిన ఏడాది పక్క పొలాల బావుల్లో నీళ్లు ఎందుకు పైకొస్తాయో ఆ బొమ్మ చూసి పిల్లలే చెప్పేస్తారు.

కొనాలంటే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వేసే తెలుగు పిల్లల పుస్తకాలు చూడండి. ఖర్చు లేకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. ఒక్కో కథ ఏ చదువు స్థాయికి తగినదో అక్కడే రాసి ఉంటుంది.

చెట్ల సంగతి ఒకటి మిగిలింది. ఇంటి దగ్గర వేపచెట్టు ఉంటే, ఆదివారం పొద్దున ఎండ తగిలే రెమ్మకు పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి దారంతో బిగించి కట్టండి. మధ్యాహ్నం భోజనం వేళకు సంచి లోపల బొట్లు పట్టి ఉంటాయి. ఆకుల్లోంచి వచ్చిన నీళ్లు అవి. పాప కుట్టుకున్న పుస్తకంలో దానికీ ఒక పేజీ ఉంచమనండి, కొన్న పుస్తకాల్లో చాలావరకు ఆ పేజీ ఉండదు.