బీటెక్ వద్దు, పుస్తకాలు చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. సీఎస్‌ఈ ఏఐలో చేర్పిద్దామనుకుంటే, బీఏ చేస్తానని, గ్రేట్ బుక్స్ (కాలానికి నిలిచిన గొప్ప పుస్తకాలు) చదివించే యూనివర్సిటీకే వెళ్తానని పట్టుబట్టింది. హోమర్, ప్లేటో, మహాభారతం చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? మా తోడల్లుడి కొడుకు బీటెక్ చేసి అమెరికా వెళ్లాడు. రెండు దారులనూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది, ఊరి పేరే మారుతుంది. అందులో ఒక తోడల్లుడి కొడుకో, ఆడపడుచు కూతురో కూడా తప్పకుండా ఉంటారు. మీ టెన్షన్ ఉద్యోగం గురించి కన్నా, పెళ్లిళ్లలో ‘అమ్మాయి ఏం చదువుతోంది?’ అని అడిగితే ‘బీఏ’ అని చెప్పాల్సి వస్తుందనే. మన దగ్గర బీఏ అంటే ఎక్కడా సీటు రానివాళ్ల చదువన్న ముద్ర ఉంది, కాదనను. కానీ ఆ మాట చెప్పుకోలేకపోవడం మీ ఇబ్బంది. దాన్ని అమ్మాయి కెరీర్‌తో కలిపెయ్యకండి.

సీఎస్‌ఈ ఏఐ గురించి నాకున్న అనుమానాలు చెబుతాను. ఒక్కో బ్రాంచిలో సీట్ల మీదున్న పరిమితిని 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ సడలించింది. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి. అన్ని సెక్షన్లకూ చెప్పగల లెక్చరర్లు ఎక్కడున్నారు? బ్రాంచి పేరు పక్కన ఏఐ అని తగిలించినా, మొదటి రెండేళ్లు దాదాపు అవే లెక్కలు, అదే ప్రోగ్రామింగ్. పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న కోడింగ్ పనులనే ఇప్పుడు ఏఐ ముందుగా అందుకుంటోంది. నాలుగేళ్ల తర్వాత ఆ బ్రాంచి ఇలా ఉంటుందని ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మను. ఇష్టమున్న పిల్లలకు అది ఇప్పటికీ మంచి చదువే. ఇష్టం లేని పిల్లను తోస్తే మిగిలేవి బ్యాక్‌లాగులు.

ఇక గ్రేట్ బుక్స్. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ 1919లోనే ఇలాంటి కోర్సు మొదలుపెట్టింది, 1937లో సాహిత్యానికీ ఇంకోటి చేర్చింది. కొలంబియా కాలేజీలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లు కూడా ఇవి చదవాల్సిందే. అదే 1937లో అక్కడి అనాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీ అసలు బ్రాంచిలే లేకుండా, అందరితో ఆ పుస్తకాలే చదివించడం మొదలుపెట్టింది.

వీటిని ఎలా చదువుతారో చూడండి. మహాభారతంలో ద్యూత ఘట్టం ఉంది కదా, ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లిష్ ఆనర్స్ సిలబస్‌లోనూ పెట్టారు. సభకు రమ్మని కబురొస్తే ద్రౌపది ఏడుస్తూ కూర్చోలేదు, ఎదురు ప్రశ్న పంపింది: ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను ఓడిపోయినవాడికి ఇంకొకరిని పణంగా పెట్టే హక్కు ఉంటుందా? భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడాడు, కర్ణుడు అతని నోరు మూయించాడు. క్లాసులో ఇరవై మంది కూర్చుని ఎవరి వాదం నిలుస్తుందో పుస్తకంలోని వాక్యం చూపించి మాట్లాడాలి. ‘నాకలా అనిపించింది’ అంటే కుదరదు. తర్వాత అదే వ్యాసంగా రాస్తే, టీచరు ఎర్ర ఇంకుతో సగం కొట్టేస్తే, మళ్లీ రాయాలి. రేపు లాయరైనా, కంపెనీలో కాంట్రాక్టు చదివినా ఆమె చేసే పని ఇదే కదండీ.

మీరు కూడా మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం పెట్టించే ఉంటారు, శాకుంతలం మీద ప్రేమతో కాదు. పుస్తకమంటే పరీక్ష ముందు రోజు బట్టీ పట్టేదని మనమే నేర్పాం. ఆ పిల్ల తనంతట తాను ప్లేటో దాకా వెళ్తే కంగారుపడుతున్నాం.

అమ్మాయికీ ఒక మాట. హర్యానాలోని ప్రైవేటు యూనివర్సిటీ అశోకాలో గ్రేట్ బుక్స్ అనేది ఫౌండేషన్ కోర్సుల్లో ఒకటి, డిగ్రీ అంతా అదే ఉండదు. మన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది, అదీ ప్రైవేటే. ఇలాంటి చోట్ల ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్కాలర్‌షిప్ రాకుండా, అప్పు చేసి పంపాల్సి వస్తే నేను వద్దంటాను. ఢిల్లీ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ముందు చూడండి.

పోల్చమన్నారు కాబట్టి: మంచి కాలేజీలో సీఎస్‌ఈ చేసినవాళ్ల మొదటి జీతం బీఏ వాళ్ల కన్నా సాధారణంగా ఎక్కువే. బీఏతో ఆగితే కష్టం. ఆ పైన లా, జర్నలిజం, ఎంబీఏ, సివిల్స్, టీచింగ్‌లలో ఏదో ఒకటి ఉండాలి. చదివి, ఆలోచించి, తప్పుల్లేకుండా రాయగలిగితే ఆమె ఖాళీగా కూర్చోదు, ఆ భయం పెట్టుకోకండి.

ఎక్కడైనా డబ్బు కట్టే ముందు మొదటి సెమిస్టర్ పుస్తకాల జాబితా కోసం అమ్మాయినే మెయిల్ రాయమనండి. మొత్తం పుస్తకాలు చదివిస్తారా, జిరాక్సు ముక్కలేనా, క్లాసులో ఎంతమంది, వ్యాసాలు దిద్దేదెవరు అని అడగమనండి. సరైన జవాబు రాకపోతే ఆ పేరు కొట్టేయండి.