యూదు ద్వేషం మీద క్యాంపస్‌లో ప్రసంగం అంటే మనం వెళ్లాలా?

"అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. ఒక పౌరహక్కుల నాయకుడు మా క్యాంపస్‌కి వచ్చి యూదు ద్వేషాన్ని ఎలా ఎదుర్కోవాలో మాట్లాడతారట. మనకి సంబంధం లేని విషయం కదా, వెళ్లడం అవసరమా?" అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. 2018 నవంబర్‌లో నేను అలాంటి ప్రసంగానికే వెళ్లాను. మీకున్న అనుమానమే నాకూ ఉండేది, రూమ్మేట్ బలవంతం చేస్తే కదిలాను.

నేను చదివింది కాన్సస్ సిటీ దగ్గర. అంతకుముందు ఏడాది, 2017 ఫిబ్రవరి 22న, అక్కడి ఒలేతేలోనే మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని "నా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపారు. ఇరానీ అనుకుని కాల్చాడట. ఆ ఆగస్టులో నేను బయల్దేరాలి. వీసా వచ్చిన రోజు మా అమ్మ టెన్షన్‌తో అన్నం కూడా ముట్టలేదు. అందుకే ద్వేషం అంటే మన రంగుని, మన యాసని చూసి వచ్చేదే అనుకునేవాణ్ణి. యూదులకేం, ఎప్పుడో స్థిరపడ్డారు, చూడ్డానికి తెల్లవాళ్లలాగే ఉంటారు అన్నది నా లెక్క.

మాట్లాడిన పెద్దాయన నల్లజాతివారు. విద్యార్థిగా ఉన్నప్పుడు మిసిసిపీలో ఓటర్ల నమోదు కోసం తిరిగారట. కుర్చీ వేసినా కూర్చోకుండా, చేతికర్ర మీద బరువు వేసి గంటసేపు నిలబడే మాట్లాడారు. 1964 జూన్ 21 రాత్రితో మొదలుపెట్టారు. ఆ రోజు మిసిసిపీలో క్లాన్ (నల్లవాళ్లనీ యూదుల్నీ ద్వేషించే కు క్లక్స్ క్లాన్ ముఠా) మనుషులు చంపిన ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్లో జేమ్స్ చేనీ నల్లజాతి కుర్రాడు, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ యూదులు. చేనీకి 21 ఏళ్లు, గుడ్‌మన్‌కి 20, ష్వెర్నర్‌కి 24. నలభై నాలుగు రోజుల తర్వాత ఒక మట్టికట్ట కింద శవాలు దొరికాయి. ఆ వయసులు చెప్పేటప్పుడు ఆయన ఒక్కో పేరు దగ్గర ఆగి మమ్మల్ని చూశారు. హాల్లో ఉన్నవాళ్లందరిదీ దాదాపు అదే వయసు.

తర్వాత పిట్స్‌బర్గ్ గురించి చెప్పారు. అప్పటికి మూడు వారాల కిందటే, అక్టోబర్ 27న, అక్కడి 'ట్రీ ఆఫ్ లైఫ్' సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ప్రార్థనకి వచ్చిన 11 మందిని ఒకడు కాల్చి చంపాడు. ముందు వరుసలో కిప్పా (యూదు మగవాళ్లు పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకున్న కుర్రాడు ఒకడు ఆ పేరు వినగానే తల వంచేశాడు, మళ్లీ చాలాసేపు ఎత్తలేదు. హంతకుడి కోపం దేని మీదో అక్కడే తెలిసింది. శరణార్థులకి సాయం చేసే హయాస్ అనే యూదు సంస్థ మీద. బయటివాళ్లని ఈ దేశంలోకి తెచ్చి నింపుతున్నది యూదులేనని వాడి నమ్మకం. ఆ బయటివాళ్లలో నేనూ ఉన్నాను కదా! నాకు సంబంధం లేదనుకున్నది ఒక్కసారిగా నా దాకా వచ్చేసింది.

ఇంకోటి విన్నాక ఒళ్లు జలదరించింది. ఒలేతే పక్కనే ఉన్న ఓవర్‌లాండ్ పార్క్‌లో, 2014 ఏప్రిల్ 13న, యూదుల కమ్యూనిటీ సెంటర్ దగ్గర, వాళ్ల వృద్ధాశ్రమం దగ్గర ఒక పాత క్లాన్ నాయకుడు యూదుల్ని చంపుదామని వచ్చి ముగ్గురిని కాల్చాడు. చనిపోయిన ముగ్గురూ క్రైస్తవులే. వారంవారం ఇండియన్ స్టోర్‌కి పోతూ ఆ సెంటర్ ముందునుంచే వెళ్లేవాళ్లం.

ఆయన విడమర్చి చెప్పినదాంట్లో నాకు బాగా పనికొచ్చింది ఇది. నల్లవాళ్లని ద్వేషించేవాడు వాళ్లు తక్కువవాళ్లంటాడు. యూదుల్ని ద్వేషించేవాడు మాత్రం వాళ్లు తెరవెనక నుంచి లోకాన్ని ఆడిస్తున్నారంటాడు. అందుకే ఇది చాలాసార్లు పొగడ్తలాగే వినిపిస్తుంది. మన ఇళ్లలో "యూదులు మహా తెలివైనవాళ్లు, బ్యాంకులన్నీ వాళ్లవే" అని మెచ్చుకోలుగానే అంటాం, నేనూ అన్నాను. ఎవరైనా అలా అంటే వాదనకి దిగకుండా "ఎలా తెలుసు?" అని నెమ్మదిగా అడగమన్నారు.

ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం కూడా ద్వేషమేనా అని ఒకమ్మాయి అడిగింది. ఏ ప్రభుత్వాన్నైనా విమర్శించవచ్చు, ఆ ప్రభుత్వం చేసినదానికి నీ పక్క గదిలో ఉన్న యూదు విద్యార్థిని నిలదీస్తే మాత్రం అది ద్వేషమే అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

మీరు వెళ్తే ప్రశ్నలు అడిగే టైమ్ దాకా ఉండండి. అసలు విషయాలు అక్కడే బయటికొస్తాయి. అయ్యాక పక్కన కూర్చున్నవాళ్లని పలకరించండి. నేను ఆ కిప్పా పెట్టుకున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి "ఎలా ఉన్నావు?" అని మాత్రం అడగగలిగాను. పిట్స్‌బర్గ్ జరిగాక క్లాసులో ఎవరూ ఆ మాట అడగలేదన్నాడు.

తర్వాత సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా బాబాయి భోజనాల దగ్గర అదే మాట ఎత్తాడు. "ప్రపంచంలో డబ్బంతా యూదుల చేతిలోనే ఉందిరా."

"మన చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారుగా బాబాయ్, వాళ్ల దగ్గర ఎంతుంది?" అన్నాను.

బాబాయికి వాళ్లు తెలుసు. కాసేపు ఆలోచించి, "పాపం, వాళ్లు కూలికెళ్లేవాళ్లురా" అన్నాడు. మరి ఆ మాట తనకి ఎవరు చెప్పారో గుర్తుతెచ్చుకోడానికి ప్రయత్నించాడు గానీ, గుర్తురాలేదు.